గుడ్లగూబ ఇంటిపేరు

యిహ్లవా,
18 ఆగస్టు 1974

తమ్ముడు మెతొడెయ్‌కి అక్క బ్లజేనా ఆశీస్సులు.

కాలి కట్టు ఇంకా విప్పలేదు. మెట్ల మీద ఒక్కసారి జారినందుకు ఇన్నాళ్ళ శిక్షేమిటో! పగలంతా కిటికీ దగ్గర కూర్చుని కింద పోయే ట్రాలీబస్సులు చూస్తున్నాను. పుస్తకం పట్టుకుంటే నిద్రొస్తుంది, పడుకుంటే పాదం సలుపుతుంది. కింది వాటా అమ్మాయి రొట్టె, పాలు తెచ్చిపెడుతోంది కాబట్టి రోజులు గడుస్తున్నాయి.

పోయిన ఆదివారం మీ రాడిమ్ బ్ర్నో నుంచి వచ్చాడు. పెళ్ళాడబోయే పిల్ల యిట్కాను కూడా వెంటబెట్టుకొచ్చాడు. పిల్ల బాగుందిరా. మాటలు తక్కువ. నేను అడక్కుండానే గిన్నెలు కడిగి, కాలి కింద దిండు సర్ది వెళ్ళింది. పెళ్ళి అక్టోబరులో.

ఇక అసలు సంగతి. తిప్పి తిప్పి చెప్పే ఓపిక నాకు లేదు. పెళ్ళయ్యాక యిట్కా మన ఇంటిపేరు పెట్టుకోదు. రాడిమే వాళ్ళ ఇంటిపేరు పెట్టుకుంటాడు. అలా రాయించుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందట. మన రాడిమ్ సీచెక్ కాస్తా రాడిమ్ కౌత్నీ అవుతాడు. ఆడవాళ్ళకి అదే కౌత్నా అవుతుంది కదా, యిట్కా వాళ్ళమ్మ కౌత్నా గారు మన పేరు చెవిన పడితేనే తట్టుకోలేకపోతోందట. ఎందుకో వాడు నాకు చెప్పాడు. నీకు మాత్రం చెప్పొద్దని మాట తీసుకున్నాడు.

"మీ నాన్నకి నువ్వే చెప్పుకోవచ్చు కదరా?" అన్నాను.

"నాన్న మొహం చూసి చెప్పలేనత్తా. నువ్వు చెప్తే వింటాడు" అన్నాడు.

నువ్వు నా మాట ఎప్పుడు విన్నావో నాకైతే గుర్తు లేదు. కోప్పడకు. ముందు ఊపిరి పీల్చుకో, ఆ తర్వాత కలం పట్టుకో.

నీ అక్క
బ్లజేనా

*

కామెనిచ్కా,
25 ఆగస్టు 1974

అక్కకి,

నువ్వు చెప్పినట్టే ఊపిరి పీల్చుకున్నాను. నాలుగు రోజుల పాటు పీల్చుకున్నాను. కోపం పోలేదు, నీరసం వచ్చింది.

సీచెక్ అంటే గుడ్లగూబ. పెద్దది కూడా కాదు, పిడికెడంత పిట్ట. చావు కబురు తెస్తుందని జనం రాళ్ళేసి తోలే పిట్ట. నాకు తెలీదా? బళ్ళో నా వెనక చేరి, ఆ పిట్ట మనిషిని చావుకి పిలిచినట్టే "రా... పోదాం రా..." అని కూసేవాళ్ళు. అలా కూసినవాణ్ణి నువ్వు వాగులో తోశావు. నేను ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాను. ఏడ్చాను గాని ఆ పేరు వద్దని ఏనాడూ అనుకోలేదు.

మా ఊళ్ళో మాంసం కొట్టువాడి ఇంటిపేరు కుందేలు. చర్చి గంట కొట్టేవాడు కోడిపుంజు. ఊరి ఆఫీసులో గుమాస్తా పొట్టేలు. ఒక్కడైనా సిగ్గుపడ్డాడా? కౌత్నా గారికి మాత్రం మా గుడ్లగూబ పనికిరాలేదు! పట్నంలో పెరడున్న ఇల్లుంటే అంత మిడిసిపాటా?

వాడి తల్లి అనేష్కా పోయాక ఈ ఇంట్లో పలకరించే దిక్కు లేదు. వాడు నెలకోసారి వచ్చి "నాన్నా, ఏం వండావ్?" అంటే చాలనుకునేవాణ్ణి. మొన్న వచ్చినప్పుడు కూడా నా ఎదురుగా కూర్చుని సూప్ తాగాడు. రెండోసారి వడ్డించుకున్నాడు. ఈ మాట కడుపులో పెట్టుకునే తాగాడన్నమాట.

మన పేరు ఎక్కడ పుట్టిందో నాన్న ఏదో చెప్పేవాడు. నీకు గుర్తుంటే రాయి. వాడికి వినిపిస్తాను. ఉన్న పేరు పారేసుకునే ముందు అదేమిటో తెలుసుకోవాలి కదా.

పెళ్ళికి నేను రాను. నా కొడుకు పేరు కొట్టేయడం చూడ్డానికి కోటు ఇస్త్రీ చేసుకుని మరీ రావాలా?

ప్లమ్ పళ్ళు ఈసారి విరగకాశాయి. కోసే ఓపిక లేక సగం నేల మీదే ఉన్నాయి.

తమ్ముడు
మెతొడెయ్

*

యిహ్లవా,
1 సెప్టెంబరు 1974

ఒరే మెతొడెయ్,

నాన్న చెప్పింది అడిగావు. ఏం చెప్పమంటావు? నాన్న ఎంత తాగితే మన వంశం అంత గొప్పదయ్యేది. ఒక గ్లాసుకి మన ముత్తాత ముత్తాత ఊరి కావలివాడు. రెండు గ్లాసులకి, స్వీడన్ వాళ్ళు దండెత్తి వచ్చినప్పుడు చెట్టెక్కి గుడ్లగూబలా కూసి ఊరంతటినీ అడవిలోకి తప్పించిన వీరుడు. మూడో గ్లాసుకి రాజుగారు స్వయంగా పిలిచి పేరు పెట్టాడు. అమ్మ మాత్రం "మీ వాళ్ళు పొద్దున్న లేవరు, అందుకే ఆ పేరు" అనేది. నాకెందుకో అమ్మ మాటే నిజమనిపించేది.

ఆసుపత్రిలో నర్సుగా చేసిన రోజుల్లో ఎవరు పేరడిగినా "సిస్టర్ బ్లజేనా" అనేదాన్ని. సీచెక్ ఇంటి ఆడమనిషిని, సీచ్కొవాని అని చెప్తే ముసలివాళ్ళు దుప్పటి మొహం మీదికి లాక్కునేవాళ్ళు. తప్పు వాళ్ళది కాదు. మంచంలో ఉన్న మనిషికి పేరు కూడా బరువే.

కౌత్నా గారిని మిడిసిపాటు మనిషనకు. ఆవిడ సంగతి నీకు తెలీదు. రాడిమ్‌ది కూడా తేలిగ్గా తీసుకున్న నిర్ణయం కాదు, మొహం పీక్కుపోయింది వాడికి. పాపం, ఎక్కువ రోజులు లేవు. అందుకే ఈ తొందర. ఇంతకంటే రాయలేను, మాటిచ్చాను.

పెళ్ళికి వెళ్ళు. నేను వెళ్ళలేను, నువ్వూ వెళ్ళకపోతే వాడి తరఫున కుర్చీలు ఖాళీగా ఉంటాయి.

అక్క

*

కామెనిచ్కా,
9 సెప్టెంబరు 1974

అక్కకి,

అదా సంగతి! ఎక్కువ రోజులు లేవని ముందే ఒక్క ముక్క రాసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు కదా. పిల్లకి నెలలు నిండుతున్నాయన్నమాట. ఇందులో దాచడానికేముంది? నేనేమైనా చర్చి ఫాదర్‌నా? అనేష్కా కూడా పెళ్ళినాటికి గౌను నడుం వదులు చేయించుకున్న మనిషే. నీకూ తెలుసు.

నిన్న అటకెక్కి ఉయ్యాల దింపాను. మనిద్దరం పడుకున్నదే. ఒక పక్క పురుగు పట్టింది, ఆ చెక్క మారుస్తున్నాను. రంపం మిల్లు మానేశాక చేతికి పని దొరకడం ఇదే. గంట పని చేస్తే గంట కూర్చోవాల్సి వస్తోంది, అయినా బాగుంది. కోపం మాత్రం అలాగే ఉంది. పుట్టేవాడు కూడా కౌత్నీయే అవుతాడు కదా. నా ఉయ్యాల, వాళ్ళ పేరు.

రిటైరైన మాష్టారు హ్రుబెష్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నాన్నలా తాగడు కాబట్టి కథ చిన్నది. రెండు వందల ఏళ్ళ కిందట చక్రవర్తి ఆజ్ఞ వేశాడట, ఎవడి ఇంటిపేరు వాడికి స్థిరంగా ఉండాలని. అప్పటిదాకా పేర్లు మనిషితో మారేవి, ఇల్లు మారితే మారేవి. సరిగ్గా ఆ సమయానికి ఊళ్ళో ఎవణ్ణి ఏమని ఏడిపిస్తున్నారో అదే అతుక్కుపోయింది.

"మీవాడికి గుండ్రటి పెద్ద కళ్ళు ఉండి ఉంటాయి. లేదా గోడ మీద పిట్ట బొమ్మున్న ఇంట్లో ఉండేవాడేమో. లేదా..." అని ఆగాడు.

"లేదా?" అన్నాను.

"ఎప్పుడూ చెడు జరుగుతుందని కూసే రకం అయ్యుంటాడు. ఇప్పటికీ అంటాం కదా, గుడ్లగూబలా కూయకురా అని."

అక్కడే ఆయన భార్య బఠానీలు ఒలుస్తోంది. "మూడోదే అయ్యుంటుంది లెండి. ఈ మెతొడెయ్ జూన్ నుంచి వడగళ్ళు పడతాయనే అంటున్నాడు" అంది.

ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వడగళ్ళు పడలేదు, నా ఇంటి మీద ఇదిగో ఇది పడింది. వీరుడూ లేడు, రాజుగారూ లేడు. ఎవడో పక్కింటివాడి ఎగతాళి కోసమా నేనింత ఏడుస్తున్నానని ఇంటికొచ్చేదాకా అనుకున్నాను. ఇంటికొచ్చాక మళ్ళీ ఏడుపే వచ్చింది.

బిడ్డ ఏ నెలలో పుడుతుందో కనుక్కుని రాయి.

మెతొడెయ్

*

యిహ్లవా,
13 సెప్టెంబరు 1974

మెతొడెయ్,

ఉయ్యాల మళ్ళీ అటకెక్కించు. నెలలు నిండటం కాదురా. రోజులు లేనిది కౌత్నా గారికి. ఆవిడ చచ్చిపోతోంది. కడుపులో రాచపుండు, డాక్టర్లు కోసి చూసి మళ్ళీ కుట్టేశారు. ఎవరికీ తెలియకూడదని, జాలి చూపులు వద్దని పిల్లలతో ప్రమాణం చేయించుకుందట. రాడిమ్ నా చేత చేయించుకున్నాడు. ఆ ప్రమాణం ఇవాళ తప్పాను. నీ ఉత్తరం చదివాక ఇక తప్పలేదు.

ఆవిడ భర్త జబ్బుతో ఉన్నప్పుడు ఈ పిట్ట పెరట్లో షెడ్డు మీద వాలి రోజూ కూసేదట. ఆయన పోయాడు. మళ్ళీ ఆవిడ చెల్లెలి ఇంట్లోనూ అంతే. ఇప్పుడు తను మంచంలో ఉంటే, కూతురు అదే పేరు ఇంటికి తెస్తానంటోంది. మిడిసిపాటు కాదు, భయం.

నువ్వు వెళ్తావని నాకు తెలుసు, అందుకే ఒక మాట. వార్డుల్లో నేను చూసింది చెప్తున్నాను. ఆ పిట్ట చావు కోసం రాదు. రోగి ఉన్న ఇంట్లో రాత్రంతా దీపం ఉంటుంది. దీపానికి పురుగులు వస్తాయి, పురుగుల కోసం పిట్ట వస్తుంది. అంతే. కిటికీలో వెలుతురుందంటే లోపల ఎవరో మేలుకుని కూర్చున్నారని అర్థం. ఎవరూ కాపలా లేని రోగి ఇంటికి అది రాదు.

అక్క

*

బ్ర్నో, లీషెన్,
22 సెప్టెంబరు 1974

అక్కకి,

వచ్చాను. కోటు ఇస్త్రీ చేయలేదు, తొడుక్కున్నది తొడుక్కున్నట్టే బస్సెక్కాను.

తలుపు యిట్కా తీసింది. పేరు చెప్పగానే పాలిపోయింది. వెనక నుంచి రాడిమ్ వచ్చి, "నాన్నా, ఇప్పుడు కాదు. బయట మాట్లాడుకుందాం" అని గొణిగాడు. లోపలి గదిలోంచి గొంతు వినిపించింది.

"ఎవరే వచ్చింది?"

పిల్ల నీళ్ళు నమిలింది. "రాడిమ్ వాళ్ళ నాన్నగారమ్మా."

మంచం కిర్రుమంది. తర్వాత, "రమ్మను" అంది.

పట్టపగలు కిటికీలకి కర్టెన్లు వేసి ఉన్నాయి. దిళ్ళ మధ్య చిన్న మనిషి. నాకంటే వయసులో చిన్నదే, చూస్తే మాత్రం అమ్మ చివరి రోజుల్లోలా ఉంది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"మీరేనా సీచెక్?"

"నేనేనండి."

"నన్ను పిలుచుకుపోవడానికి వచ్చారా?"

నోటికి వచ్చింది అనేశాను. "కాదండి, భోజనానికి వచ్చాను. పొద్దుటి నుంచి బస్సులో ఏమీ దొరకలేదు."

ఆవిడ నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గొస్తే నొప్పొచ్చింది. అయినా నవ్వింది. "యిట్కా, అన్నయ్యగారికి వడ్డించవే" అంది. ఆ గదిలోనే మోకాళ్ళ మీద పళ్ళెం పెట్టుకుని తిన్నాను.

అప్పట్నుంచి ఇక్కడే ఉన్నాను. పిల్లలిద్దరూ పనికి వెళ్తారు. పగలు ఆవిడ దగ్గర నేను కూర్చుంటున్నాను. కూర్చోవడం కూడా ఇంత అలసటని నువ్వెప్పుడూ చెప్పలేదేం?

మూడో రోజున నువ్వు రాసిన దీపం సంగతి చెప్పాను. కళ్ళు మూసుకుని వింది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"అయితే దీపం ఆర్పేసి ఉంటే అది వచ్చేది కాదా?" అంది.

"వచ్చేది కాదు. కానీ మీకు ఆయన మొహం కూడా కనపడేది కాదు."

చాలాసేపు ఏడ్చింది. తర్వాత ఎండ చూడాలని ఉందంటే కర్టెన్ లాగాను. సాయంత్రం రాడిమ్ రాగానే, "నువ్వేం పేరు మార్చుకోనక్కర్లేదు. మీ నాన్న పేరుతోనే ఉండు" అని వాడికి చెప్పింది. వాడు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

మెతొడెయ్

*

యిహ్లవా,
28 సెప్టెంబరు 1974

తమ్ముడికి,

గెలిచావురా! కట్టు విప్పారు, నీ ఉత్తరం వచ్చింది, రెండూ ఒకే రోజు. కాలు పుల్లలా ఉంది గాని నిలబెడుతోంది. కింది వాటా అమ్మాయికి కూడా చెప్పేశాను, మా ఇంటిపేరు నిలబడిందని.

ఇన్నాళ్ళూ నీకు చెప్పనిది ఒకటి చెప్తాను. పెళ్ళయి మొగుడి పేరుతో హనాకొవా అయ్యాను కదా. ఆ ఏళ్ళన్నీ ఎవరైనా "హనాకొవా గారూ" అని పిలిస్తే పక్కకి జరిగి దారిచ్చేదాన్ని, వెనక ఇంకెవరో వస్తున్నారనుకుని. విడాకులు తీసుకున్న రోజున పాత పేరు తిరిగి ఇమ్మని అడిగితే ఆఫీసులో గుమాస్తా, "ఏరి కోరి ఈ పేరా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. వీధిలోకి వచ్చాక చాలా రోజుల తర్వాత చెప్పులు కాళ్ళకి సరిపోయినట్టనిపించింది. రాడిమ్‌కి ఆ గతి పట్టలేదు, అదే నాకు సంతోషం.

పాపం, ఆవిడ పెళ్ళి చూసేదాకా ఉంటే బాగుండు. నువ్వు సరిగ్గా తింటున్నావా? పేషెంట్ల దగ్గర కూర్చునేవాళ్ళు ముందు మానేసేది తిండే.

అక్క

*

బ్ర్నో, లీషెన్,
20 అక్టోబరు 1974

అక్కకి,

ఇన్నాళ్ళూ ఉత్తరం రాయలేదని తిట్టుకుని ఉంటావు. రాయడానికి కూర్చుంటే తల బల్ల మీదికి వాలిపోయేది.

నేను గెలవలేదు. అడిగిన వాళ్ళకి ఇప్పుడేం చెప్తావో నీ ఇష్టం.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు కౌత్నా గారు నన్ను పిలిచి, "అన్నయ్యగారూ, గేటు మీద ఇత్తడి పలక మసిబారింది. తుడుస్తారా?" అంది. వాళ్ళాయన ఇత్తడి పనివాడు, కొత్తగా ఇల్లు కట్టుకున్నప్పుడు తన చేత్తో చెక్కిన పలక అది. కౌత్నీ, అంతే, ఒక్క మాట. "పిల్ల పెళ్ళయితే ఎలాగూ తీసేస్తారు. అప్పటిదాకా మెరవనివ్వండి" అంది. ఆయనకి అన్నదమ్ముల్లేరు. పుట్టింది ఒక్క ఆడపిల్ల.

బూడిదా గుడ్డా పట్టుకుని చాలాసేపు రుద్దాను. లోపలికి వచ్చి మంచం పక్కన కూర్చున్నాను.

"చెల్లెమ్మా, ఒకటి అడగనా? మీ భయం ఆ పిట్ట గురించేనా?"

దుప్పటి అంచు మడతలు పెట్టింది, విప్పింది.

"భయం నిజమే. సగం" అంది. "మిగతా సగం ఎలా అడుగుతాను? మీ కొడుకుని నాకిచ్చి, పేరు కూడా ఇచ్చేయండని ఏ మొహం పెట్టుకుని అడగను? పిట్టంటే భయమని చెప్తే పిచ్చిముండ అనుకుంటారు, సరిపోతుంది."

ఆ రోజు సాయంత్రం రాడిమ్‌ని పెరట్లోకి తీసుకెళ్ళి, వాళ్ళ పేరే తీసుకోమన్నాను. వాడు నమ్మలేదు, నేను అలిగి అంటున్నాననుకున్నాడు. నీ సంగతి, చెప్పుల సంగతి కూడా చెప్పాను, దాచలేదు. "ఎవరైనా పిలిస్తే నీ వెనక ఇంకెవరో వస్తున్నారనిపిస్తుందట, ఆలోచించుకో" అన్నాను.

వాడు షెడ్డు గోడకి ఆనుకున్నాడు. "నా వెనక ఎవరూ ఉండరు నాన్నా. ఆ పేరుతో ఇక నేనొక్కణ్ణే" అన్నాడు. తర్వాత అడిగాడు, "నీకు ఫర్వాలేదా?"

"ఫర్వా ఉంది" అన్నాను. "అయినా తీసుకో."

పన్నెండున పెళ్ళి. ఆఫీసులో ఆవిడెవరో ఎర్ర రిబ్బను వేసుకుని, "దంపతుల ఉమ్మడి ఇంటిపేరు?" అని అడిగింది. రాడిమ్ వెనక్కి తిరిగి నన్ను చూశాడు. చిన్నప్పుడు లోతు నీళ్ళలోకి దిగేముందు ఇలాగే చూసేవాడు. తల ఊపాను. వాడు చెప్పాడు. ఊపిన తల దించుకుని బూట్లు చూసుకుంటూ కూర్చున్నాను, అంతకంటే ధైర్యం లేదు నాకు.

ఇంటికొచ్చేసరికి ఆవిణ్ణి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి ఉంచింది పక్కింటావిడ. యిట్కా వంగి చెవిలో చెప్పింది. కౌత్నా గారు అల్లుడికేసి చూసి, "కౌత్నీ గారూ, తలుపేయండి, చలేస్తోంది" అంది. వాడు వెళ్ళి వేశాడు. ఇంకోసారి "కౌత్నీ గారూ" అంది, ఈసారి పనేమీ చెప్పలేదు, ఊరికే. పెళ్ళి పిండివంటలో ముక్క నోట్లో పెట్టుకుని చప్పరించింది, మింగలేకపోయింది.

మంగళవారం పోయింది. మధ్యాహ్నం పూట, నిద్రలోనే. యిట్కా చెయ్యి పట్టుకుని ఉంది. నేను వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను.

నిన్న మట్టి చేశాం. చిన్న వాన పడింది. స్మశానం ఆఫీసులో మనిషి సంతకానికి దగ్గరి బంధువులు కావాలన్నాడు. పిల్లలిద్దరూ గోతి దగ్గరే నిలబడిపోయారు, వాళ్ళని కదిపే మనసు రాక నేను వెళ్ళాను.

"మీరేమవుతారు?" అన్నాడు వాడు, తలెత్తకుండానే.

దారంతా ఆలోచించుకుంటూనే వెళ్ళాను, ఏమని చెప్పాలా అని. చావు దగ్గర మన పేరు ఎలా పలకను? తీరా నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"కౌత్నీ వాళ్ళ నాన్నని" అన్నాను.

వాడు రాసుకున్నాడు. నోటికి కొత్తగా ఉంది గాని గొంతు తడబడలేదక్కా.

పిల్ల రెండు రోజులుగా ఏమీ తినడం లేదు. తినేదాకా ఇక్కడే ఉంటాను. తర్వాత నీ దగ్గరికి వస్తాను, నాలుగు రోజులు పడుకోనివ్వు.

నీ తమ్ముడు
మెతొడెయ్